గుమ్మం దగ్గరే ఆగిపోతే...

మోడెమ్ బాగానే ఉంటుంది. ఫైర్‌వాల్ కొత్తదే. కేబుల్ కంపెనీ 'మా వైపు అంతా ఓకే' అంటుంది. అయినా ఇంట్లో నెట్ రాదు! ఆ రెండు పెట్టెలకీ ఎక్కడ చెడుతుంది? కాపలాదారుణ్ని పంపించేయకుండానే దారి తెరవడం ఎలా?

ఇంటర్నెట్ పోవడం రెండు రకాలు. వీధి మొత్తానికీ పోవడం ఒకటి. పక్కింటికి ఫోన్ చేస్తే 'మాకూ లేదండీ' అంటారు. అదేంటోగానీ, ఆ మాట వినగానే సగం బాధ తగ్గిపోతుంది! రెండోది మనింట్లో మాత్రమే పోవడం. మోడెమ్ మీద లైట్లన్నీ నిక్షేపంగా వెలుగుతుంటాయి. ఫోన్లో వైఫై గుర్తూ నిండుగానే కనిపిస్తుంటుంది. ఒక్క పేజీ తెరుచుకుంటే ఒట్టు! పిల్లాడి ఆన్‌లైన్ పరీక్షకి అరగంటే టైముంటుంది. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే 'సిగ్నల్ మీ మోడెమ్ దాకా వస్తోంది సార్, మీరు పెట్టుకున్న పరికరంలోనే ఏదో ఉంది' అంటారు. ఆ పరికరం అమ్మినవాళ్లని అడిగితే 'మాది కొత్త పీసండీ, మోడెమ్ చూపించుకోండి' అంటారు.

మోడెమ్‌కీ ఫైర్‌వాల్‌కీ మధ్య ఉండేది మహా అయితే మూరెడు వైరు. ఇలాంటి ఇళ్లలో నెట్ ఆగిపోయేది ఆ మూరెడు దూరంలోనే.

అప్పుడు చాలామంది చేసే పని ఒకటే. ఫైర్‌వాల్‌కి ఉన్న వైరు పీకి, మోడెమ్ కరెంటు ఓసారి తీసి పెట్టి, నేరుగా కంప్యూటర్‌కి తగిలించేస్తారు. నెట్ వచ్చేస్తుంది! 'చూశారా, దీంతోనే వచ్చింది తంటా' అంటూ ఫైర్‌వాల్‌ని అటక ఎక్కించేస్తారు. నిజానికి ఆ పెట్టెలో ఏ లోపమూ ఉండకపోవచ్చు. మోడెమ్ దాన్ని గుర్తుపట్టలేదు, అంతే. ఆ చిన్న సంగతి తెలియక ఇంటికి కాపలా లేకుండా చేసుకుంటున్నాం.

ఎవరీ ఇద్దరూ?

టీవీ ఛానళ్లని మోసుకొచ్చే నల్ల కోయాక్సియల్ వైరు ఉంది చూశారూ, అందులోనే ఇంటర్నెట్‌నీ పంపించే పద్ధతికి 'డాక్సిస్' అని పేరు. అమెరికాలోని కేబుల్‌ల్యాబ్స్ సంస్థ 1997లో ఈ ప్రమాణాన్ని విడుదల చేసింది. అక్కడ కోట్లాది ఇళ్లకి నెట్ ఇప్పటికీ ఆ తీగ మీదే వస్తోంది. మన పిల్లలు కాపురాలుంటున్న డాలస్, న్యూజెర్సీల్లోనూ అలాంటి ఇళ్లు బోలెడు. ఇక్కడ 2000 తర్వాత హైదరాబాద్ లాంటి నగరాల్లో కేబుల్ టీవీ వాళ్లే మోడెమ్ బిగించి నెట్ ఇవ్వడం మొదలుపెట్టారు. ఆనక ఫైబర్ వచ్చి చాలాచోట్ల దాని స్థానాన్ని ఆక్రమించింది. పెట్టె మారిందిగానీ మనం చెప్పుకోబోయే ఇబ్బందుల్లో చాలావరకు ఫైబర్ పెట్టె దగ్గరా ఎదురయ్యేవే.

మోడెమ్‌ది దుబాసీ పని. తీగలో వచ్చే రేడియో సంకేతాలని కంప్యూటర్‌కి అర్థమయ్యే భాషలోకి మార్చి అందించడం, అటు నుంచి వచ్చినవాటిని మళ్లీ తీగ మీదికి ఎక్కించడం. వచ్చిందెవరు, ఎందుకొచ్చారు అని అది అడగదు.

ఆ అడిగే పని ఫైర్‌వాల్‌ది. ఆ పేరు వచ్చింది భవన నిర్మాణం నుంచి. ఓ గదిలో అంటుకున్న మంట పక్క గదికి పాకకుండా కట్టే గోడని అలా పిలిచేవారు. కంప్యూటర్ ఫైర్‌వాల్ నియమం చాలా సింపుల్. లోపలివాళ్లు అడిగినదానికి బయటి నుంచి జవాబొస్తే రానిస్తుంది. పిలవని పేరంటంగా వచ్చినవాళ్లని గుమ్మం దగ్గరే ఆపేస్తుంది.

మామూలు వైఫై రౌటర్‌లోనూ చిన్నపాటి కాపలా ఉంటుంది. అది చాలనివాళ్లు విడిగా ఫైర్‌వాల్ పెట్టుకుంటారు. రాత్రి పది దాటాక పిల్లల ఫోన్లకి నెట్ ఆపాలని కొందరు, సీసీ కెమెరాలని ఇంటి కంప్యూటర్లకి దూరంగా ఉంచాలని కొందరు, ఇంటి నుంచి చేసే ఆఫీసు పనికి భద్రమైన దారి కావాలని ఇంకొందరు. పీఎఫ్‌సెన్స్, ఓపీఎన్‌సెన్స్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు ఎక్కించి పాత కంప్యూటర్‌నే ఫైర్‌వాల్‌గా మార్చుకునేవాళ్లూ ఉన్నారు.

కాపలా తీసేస్తే...

'మన ఇంట్లో ఏముందిలే దోచుకోవడానికి' అనుకునేవాళ్లకి 2003 ఆగస్టు సంగతి చెప్పాలి. 'బ్లాస్టర్' అనే వార్మ్ అప్పుడు ప్రపంచాన్ని చుట్టేసింది. దాని బారిన పడ్డవాళ్లు పిచ్చి మెయిల్ ఏదీ తెరవలేదు. ఏ లింకూ నొక్కలేదు. విండోస్ ఎక్స్‌పీ, విండోస్ 2000 ఉన్న కంప్యూటర్ కాపలా లేకుండా నెట్‌కి నేరుగా కలిసి ఉంటే చాలు... దూరిపోయింది. అరవై సెకన్లలో కంప్యూటర్ ఆగిపోతుందంటూ తెరమీద ఓ హెచ్చరిక రావడం, అన్నట్టే ఆగిపోయి మళ్లీ మొదలవడం! దాన్ని అడ్డుకునే ప్యాచ్‌ని మైక్రోసాఫ్ట్ అంతకుముందు నెలలోనే ఇచ్చింది. వేసుకోనివాళ్లు వేసుకోలేదు. మరుసటి ఏడాది 'శాసర్' కూడా ఇదే తరహాలో వచ్చింది. 2004 ఆగస్టులో విడుదలైన ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్-2తో విండోస్‌లోని ఫైర్‌వాల్ మనం ఆన్ చేయకుండానే పనిచేసే ఏర్పాటు జరిగింది.

అయితే ఇప్పుడు కంప్యూటర్‌లోనే కాపలా ఉంది కదా అనొచ్చు. కంప్యూటర్‌కి ఉంది. సీసీ కెమెరాల రికార్డర్‌కి ఉందా? ప్రింటర్‌కి ఉందా?

2016లో 'మిరాయ్' పట్టుకున్నది సరిగ్గా వాటినే. తయారీ కంపెనీ పెట్టిన పాస్‌వర్డ్‌ని మార్చకుండా వదిలేసిన కెమెరాలూ, రికార్డర్లూ, రౌటర్లూ ఎక్కడున్నాయో అది నెట్‌లో వెతికేది. దాని దగ్గరున్నది అరవై చిల్లర యూజర్‌నేమ్-పాస్‌వర్డ్ జతల పట్టిక. ఆ కాస్త సరంజామాతోనే లక్షల పరికరాలని లొంగదీసుకుంది. ఆ ఏడాది అక్టోబరు 21న అమెరికాలోని 'డైన్' అనే సంస్థ మీద ఆ పరికరాలతో దాడి చేయిస్తే ట్విటర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి చాలామందికి గంటల తరబడి అందలేదు. తమ గుమ్మం ముందు వేలాడే కెమెరా కూడా ఆ దాడిలో ఉందని ఆ ఇళ్లవాళ్లకి తెలియనే తెలియదు!

అందుకే నెట్ రాకపోతే కాపలాదారుణ్ని తీసేయడం కాకుండా, అడ్డు ఎక్కడ పడిందో వెతకాలి. దానికి ఇంజినీరింగ్ చదవక్కర్లేదు. తీగ వచ్చే వైపు నుంచి లోపలికి ఒక్కో మెట్టూ చూసుకుంటూ రావడమే.

ముందు మోడెమ్‌నే అడగాలి

మోడెమ్ మీద లైట్లు ఊరికే పెట్టలేదు. కరెంటు ఇవ్వగానే అది ముందుగా కంపెనీ నుంచి వచ్చే సిగ్నల్ కోసం వెతుకుతుంది. దొరికాక తన మాట అటు పంపుతుంది. అటువాళ్లు ఒప్పుకున్నాక 'ఆన్‌లైన్' లైటు నిలకడగా వెలుగుతుంది. ఇదంతా అయ్యేసరికి రెండు నుంచి అయిదు నిమిషాలు పట్టొచ్చు. ఆ లైటు మిణుకు మిణుకుమంటూనే ఉందంటే సమస్య తీగది. ఫైర్‌వాల్‌ని అనుమానించాల్సిన పనే లేదు.

తీగకొచ్చే జబ్బులూ తెలిసినవే. వదులైన కనెక్టర్, ఆరుబయట జాయింట్‌లో చేరిన వాననీరు, టీవీకి ఒకటీ మోడెమ్‌కి ఒకటీ అంటూ మధ్యలో పెట్టిన స్ప్లిటర్. రెండు దారుల స్ప్లిటర్ ఒక్కటి పెడితే ఒక్కో దారిలో సుమారు మూడున్నర డెసిబెల్స్ సిగ్నల్ పోతుంది. అంటే సగానికి పైగా పోయినట్టే! దాని వెనక ఇంకో స్ప్లిటర్ ఉంటే ఇక చెప్పేదేముంది.

ఇంకాస్త లోతుగా చూడాలనుకుంటే బ్రౌజర్‌లో 192.168.100.1 అని కొట్టండి. చాలా కేబుల్ మోడెమ్‌లు తమ ఆరోగ్య నివేదికని అక్కడ చూపిస్తాయి. లోపలికొచ్చే సిగ్నల్ బలం మైనస్ 7 నుంచి ప్లస్ 7 మధ్య ఉంటే దిగులు లేదు. మైనస్ 15 కంటే దిగినా, ప్లస్ 15 దాటినా ప్రమాణం తప్పినట్టు. ఎస్‌ఎన్‌ఆర్ అనే అంకె 33, ఆ పైన ఉంటే మంచిది. మోడెమ్ బయటికి పంపే బలం 50 దాటి పైకి పోతుంటే అది గొంతు చించుకుని అరుస్తోందన్నమాట. ఈ అంకెల్ని ఫొటో తీసి పెట్టుకుంటే కంపెనీవాళ్లతో మాట్లాడేటప్పుడు పనికొస్తాయి. 'నెట్ రావట్లేదు' అనే ఫిర్యాదు కంటే 'సిగ్నల్ మైనస్ 17 ఉంది' అనే ఫిర్యాదుకి విలువెక్కువ.

మూరెడు వైరులో...

మోడెమ్ బాగుందని తేలింది. ఇక ఆ మూరెడు వైరు. ఫైర్‌వాల్ వెనక వరసగా పోర్టులు ఉంటాయి. వాటిలో 'వాన్' అని రాసి ఉన్నది బయటి ప్రపంచానికి. 'లాన్' అని ఉన్నవి ఇంట్లోవాటికి. దుమ్ము దులిపేటప్పుడు ఊడిన వైరుని ఖాళీగా కనిపించిన పోర్టులో పెట్టేయడం చాలా ఇళ్లలో జరిగేదే. మోడెమ్ వైరు లాన్‌లో ఉంటే తెల్లవార్లూ చూసినా నెట్ రాదు.

పోర్టు పక్కన చిన్న లైటు వెలగకపోతే వైరు మార్చి చూడాలి. వెలుగుతున్నా వైరు మంచిదని చెప్పలేం. ఆ వైరులో నాలుగు జతలు... మొత్తం ఎనిమిది పోగులుంటాయి. సెకనుకి 1000 మెగాబిట్ల వేగానికి ఎనిమిదీ కావాలి. 100కి నాలుగు పోగులు సరిపోతాయి. అందుకే మిగతా నాలుగింటిలో ఒక్క పోగు దెబ్బతిన్నా నెట్ వస్తూనే ఉండొచ్చుగానీ వంద దగ్గర ఆగిపోతుంది. నెలనెలా 300 ప్లాన్‌కి డబ్బు కడుతూ ఎప్పుడు కొలిచినా 95 దాటడం లేదంటే ముందు మార్చాల్సింది ప్లాన్ కాదు, ఆ వైరు!

మొదటి ముఖాన్నే గుర్తుపెట్టుకుంటుంది!

ఇక అసలు కథ. కొత్త ఫైర్‌వాల్ పెట్టినవాళ్లలో ఎక్కువమంది ఇరుక్కునేది ఇక్కడే.

నెట్‌కి కలిసే ప్రతి పరికరానికీ తయారీలోనే ఓ గుర్తింపు సంఖ్య ఇస్తారు. దాన్ని మ్యాక్ అడ్రస్ అంటారు. అంకెలూ అక్షరాలూ కలిపి రెండేసి చొప్పున ఆరు జతలు. ఇంటి కనెక్షన్ అంటే కేబుల్ కంపెనీలు మోడెమ్ వెనక సాధారణంగా ఒక్క పరికరాన్నే అనుమతిస్తాయి. ఆ ఒక్కటీ ఏదన్నది మోడెమ్ ఎలా తేల్చుకుంటుందంటే... తాను ఆన్ అయ్యాక మొట్టమొదట కనిపించినదాని మ్యాక్ అడ్రస్‌ని గుర్తుపెట్టుకుంటుంది. అంతే! ఆ తర్వాత ఇంకోటి వచ్చి తలుపు తడితే పలకదు.

కనెక్షన్ ఇచ్చేటప్పుడు కంపెనీ కుర్రాడు ఏం చేస్తాడు? లాప్‌టాప్ పెట్టి, నెట్ వస్తోందని చూపించి వెళ్లిపోతాడు. మోడెమ్‌కి తెలిసిన ముఖం ఆ లాప్‌టాప్‌ది. తర్వాత మనం ఆ వైరునే తీసి ఫైర్‌వాల్‌కి పెడతాం. మోడెమ్ దృష్టిలో అది కొత్త మనిషి. రానివ్వదు.

దీనికి మందు సులువు. మోడెమ్‌కి కరెంటు తీసేసి, నిమిషం ఆగి మళ్లీ ఇస్తే పాత జ్ఞాపకం చెరిగిపోతుంది. అప్పుడు దాని ఎదుట ఫైర్‌వాల్ ఒక్కటే ఉంటే దాన్నే గుర్తుపెట్టుకుంటుంది.

ఇక్కడే ఓ తిరకాసుంది. ఫైర్‌వాల్ పెడితే నెట్ రాలేదు. 'తప్పు ఎవరిదో చూద్దాం' అని మోడెమ్‌ని ఓసారి ఆపి, లాప్‌టాప్‌ని నేరుగా తగిలించాం. వచ్చింది. సరే, ఫైర్‌వాల్‌లో ఏవో సెట్టింగులు సరిచేసి మళ్లీ పెట్టాం. రాలేదు. నిజానికి ఆ సెట్టింగులతో అసలు సమస్య తీరిపోయి ఉండొచ్చు. కానీ పరీక్ష కోసం లాప్‌టాప్ తగిలించడంతో మోడెమ్ ఇప్పుడు దాని ముఖాన్ని పట్టుకు కూర్చుంది! అంటే పరీక్షే కొత్త జబ్బు తెచ్చిపెట్టిందన్నమాట. అటక ఎక్కిన ఫైర్‌వాల్స్‌లో ఎన్ని ఈ పొరపాటుకి బలైనవో! పరికరం మార్చిన ప్రతిసారీ మోడెమ్‌ని ఆపి మళ్లీ ఆన్ చేయాలన్న ఒక్క ముక్క గుర్తుంటే ఇంత రాద్ధాంతం ఉండదు.

కరెంటు తీసినా మోడెమ్ ఆరకపోతే ఆశ్చర్యపోకండి. టెలిఫోన్ సౌకర్యం కూడా ఉన్న కొన్ని మోడెమ్‌లలో కరెంటు పోయినా ఫోన్ పనిచేయడానికి లోపల బ్యాటరీ ఉంటుంది. అమెరికాలో ఇలాంటివి ఎక్కువ. ఆ బ్యాటరీ కూడా తీస్తేనే అది నిజంగా ఆగినట్టు. అలాగని వెనక ఉండే సూది బెజ్జంలో పిన్నీసు పెట్టి నొక్కేయొద్దు. అది సెట్టింగులన్నీ తుడిచేసే రీసెట్ కావచ్చు.

కొన్ని కంపెనీలు, ముఖ్యంగా మన దగ్గర, మ్యాక్ అడ్రస్‌ని మోడెమ్‌లో కాకుండా తమ ఆఫీసు సర్వర్‌లోనే మన ఖాతాకి ముడేసి ఉంచుతాయి. అలాంటప్పుడు మోడెమ్‌ని పదిసార్లు ఆపి పెట్టినా ఫలితం ఉండదు. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి 'పరికరం మార్చాం, కొత్త మ్యాక్ నమోదు చేయండి' అని చెప్పాలి. అదీ కుదరకపోతే పాత పరికరం మ్యాక్ అడ్రస్‌నే ఫైర్‌వాల్ వాన్ పోర్టుకి పెట్టుకునే వీలు చాలా ఫైర్‌వాల్స్‌లో ఉంటుంది. దాన్ని 'మ్యాక్ క్లోన్' అంటారు.

నంబరే నిజం చెబుతుంది

మోడెమ్ ఒప్పుకున్నాక ఫైర్‌వాల్‌కి కంపెనీ నుంచి ఓ చిరునామా రావాలి. అదే ఐపీ అడ్రస్. ఇది సొంత ఇల్లు లాంటిది కాదు, అద్దె ఇల్లు. ఫైర్‌వాల్ 'చిరునామా ఇచ్చేవాళ్లున్నారా?' అని అడుగుతుంది. కంపెనీ సర్వర్ 'ఇదిగో, ఇంతకాలం వాడుకో' అంటుంది. ఈ ఏర్పాటు పేరు డీహెచ్‌సీపీ. గడువు సగం అయ్యేసరికి పొడిగించమని ఫైర్‌వాల్ మళ్లీ అడుగుతుంది. నెట్ ఏదో లెక్క ప్రకారం అన్ని గంటలకోసారి ఆగిపోతోందంటే ఈ పొడిగింపు దగ్గర తేడా ఉందేమో చూడాలి.

ఫైర్‌వాల్ పేజీలో 'వాన్ ఐపీ' అనే చోట కనిపించే నంబరుని బట్టి జబ్బు ఎక్కడుందో చాలావరకు చెప్పేయొచ్చు.

ఖాళీగా, లేదా 0.0.0.0 అని ఉంటే: అడిగినదానికి జవాబే రాలేదు. వైరో, పైన చెప్పుకున్న ముఖం గుర్తుపట్టని సమస్యో అయ్యుంటుంది. సెటప్‌లో పీపీపీఓఈ అని పొరపాటున ఎంచుకున్నారేమో కూడా చూడండి. అది యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అడిగే పద్ధతి. ఫోన్ లైన్ బ్రాడ్‌బ్యాండ్‌కీ, కొన్ని ఫైబర్ కనెక్షన్లకీ వాడతారు. కేబుల్ మోడెమ్‌కి సాధారణంగా కావాల్సింది డీహెచ్‌సీపీ. మీ కంపెనీది ఏ పద్ధతో ఒక్క ఫోన్‌తో తేలిపోతుంది.

192.168.100తో మొదలైతే: ఇది గమ్మత్తైన జబ్బు. తీగలో సిగ్నల్ లేనప్పుడు కొన్ని మోడెమ్‌లు తామే ఓ తాత్కాలిక చిరునామా ఇచ్చేస్తాయి. కాసేపటికి సిగ్నల్ వచ్చినా ఫైర్‌వాల్ ఆ ఉత్తుత్తి చిరునామానే పట్టుకుని వేలాడుతుంటుంది. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ నెట్ రాకపోవడానికి ఇదో కారణం. ఫైర్‌వాల్ పేజీలో 'రెన్యూ' నొక్కితే అసలు చిరునామా వస్తుంది. పీఎఫ్‌సెన్స్ లాంటివాటిలో 192.168.100.1 ఇచ్చే చిరునామాని తీసుకోవద్దని ముందే చెప్పిపెట్టే వీలూ ఉంది.

192.168.0, 192.168.1 లేదా 10తో మొదలైతే: ఇవి ఇళ్లలో, ఆఫీసుల్లో లోపల వాడుకోవడానికి 1996లో కేటాయించిన నంబర్లు. అంటే మీ మోడెమ్ ఒట్టి మోడెమ్ కాదు, అందులోనే రౌటర్ కూడా ఉండొచ్చు. ఒకే గుమ్మానికి ఇద్దరు కాపలాదారులన్నమాట. పేజీలు తెరుచుకుంటాయి, సినిమాలూ చూడొచ్చు. బయటి నుంచి ఇంటి కెమెరా చూడాలన్నప్పుడో, ఆన్‌లైన్ గేముల దగ్గరో పేచీ వస్తుంది. మోడెమ్‌ని 'బ్రిడ్జ్' పద్ధతిలో పెట్టమని కంపెనీని అడిగితే అది తన కాపలా పని మానేసి దుబాసీ పనికే పరిమితమవుతుంది.

100.64 నుంచి 100.127 మధ్యలో ఉంటే: కంగారక్కర్లేదు. చిరునామాలకి కరవొచ్చి, ఒకే చిరునామాని చాలామంది ఖాతాదారులకి పంచడానికి 2012లో కంపెనీల కోసం కేటాయించిన వరస ఇది. నెట్ మామూలుగానే వస్తుంది. కాకపోతే బయటి నుంచి నేరుగా ఇంట్లోకి దారి ఉండదు. అది కావాలంటే కంపెనీని విడిగా చిరునామా అడగాలి.

ఇవేవీ కాక వేరే నంబరుంటే దాదాపుగా అసలైన చిరునామా వచ్చినట్టే. గుమ్మం దాటారు. ఇక వెతకాల్సింది ఇంటి లోపల.

ఇద్దరిదీ ఒకే డోర్ నంబరైతే?

లోపలి గొడవల్లో తరచూ కనిపించేది ఇది. రౌటర్ కూడా ఉన్న మోడెమ్ తన ఇంటికి 192.168.1 అని పేరు పెట్టుకుని ఉంటుంది. కొత్తగా తెచ్చిన ఫైర్‌వాల్ కూడా పుట్టుకతోనే అదే పేరుతో వస్తుంది. బయటి వీధికీ లోపలి వీధికీ ఒకటే పేరైతే ఉత్తరం ఎటు పంపాలో పోస్ట్‌మేన్‌కి తెలుస్తుందా? ఫైర్‌వాల్‌కీ అంతే. అంతా సరిగ్గానే పెట్టినట్టుంటుంది, నెట్ మాత్రం రాదు. ఫైర్‌వాల్ లోపలి వైపు పేరుని 192.168.50 అనో మరోటనో మార్చేస్తే క్షణాల్లో దారి తెరుచుకుంటుంది.

కంప్యూటర్‌లో 169.254తో మొదలయ్యే నంబరు కనిపిస్తే అర్థం వేరు. ఎవరూ చిరునామా ఇవ్వక అది తనకి తానే ఒకటి తగిలించుకుంది. తప్పు ఫైర్‌వాల్‌కీ కంప్యూటర్‌కీ మధ్య ఉంది. మోడెమ్ జోలికి వెళ్లనక్కర్లేదు.

చివరిగా ఇంకొకటి. చిరునామా ఉంది, వైరు బాగుంది, అయినా సైట్లు రావు. అప్పుడు కంప్యూటర్ కమాండ్ ప్రాంప్ట్‌లో పింగ్ అనే ఆదేశంతో 8.8.8.8ని పలకరించండి. అది గూగుల్ 2009లో ప్రారంభించిన ఉచిత డీఎన్‌ఎస్ సర్వర్. అక్కణ్నుంచి జవాబొస్తూ, సైట్ పేరు కొడితే మాత్రం రాకపోతే దారి బాగానే ఉన్నట్టు. పేరు చెబితే నంబరు వెతికిపెట్టే డీఎన్‌ఎస్ పనిచేయడం లేదంతే. ఫైర్‌వాల్‌లో ఆ నంబరు మారిస్తే సరిపోతుంది.

అబ్బాయి అక్కడ, పెట్టె ఇక్కడ

చాలా ఇళ్లలో ఫైర్‌వాల్ పెట్టింది ఇంట్లో ఉండే మనిషి కాదు. సెలవులకి వచ్చిన అబ్బాయో అల్లుడో ముచ్చటపడి బిగించి, మళ్లీ బెంగళూరుకో అమెరికాకో వెళ్లిపోతాడు. ఆర్నెల్ల తర్వాత ఓ రాత్రి ఉరుములకి కరెంటు పోయొస్తుంది. నెట్ రాదు. 'ఏ పెట్టె నాన్నా? నల్లదా, తెల్లదా?' అని అటు నుంచి అడుగుతుంటే, 'రెండూ నల్లవేరా' అని ఇటు నుంచి జవాబు. అక్కడ అర్ధరాత్రి, ఇక్కడ మధ్యాహ్నం. విసుగొచ్చి 'ఆ వైరు పీకేసి నేరుగా పెట్టేసెయ్' అంటాడు అబ్బాయి. కాపలా అలా పోతుంది.

బిగించిన రోజే అరగంట కూర్చుంటే ఇది తప్పుతుంది. ప్రతి పెట్టె మీదా, ప్రతి వైరు కొసనా తెలుగులో పేరు రాసి అంటించాలి. అన్నీ బాగున్నప్పుడు ఏ లైట్లు వెలుగుతున్నాయో ఫొటో తీసి అమ్మ ఫోన్లోనూ తన ఫోన్లోనూ ఉంచుకోవాలి. కంపెనీ కస్టమర్ నంబరు, ఫైర్‌వాల్ మ్యాక్ అడ్రస్, ఆన్ చేయాల్సిన వరస ఓ కాగితం మీద రాసి మోడెమ్ పక్కన గోడకి అతికించాలి. పాస్‌వర్డ్ మాత్రం ఆ గోడ మీద వద్దు, బీరువాలోని డైరీలో రాయాలి. సెట్టింగుల కాపీ ఒకటి పెన్‌డ్రైవ్‌లో దాచుకోవాలి. దూరం నుంచి తానే సరిచేయొచ్చు కదాని ఫైర్‌వాల్ పేజీని బయటి ప్రపంచానికి తెరిచి ఉంచడం మాత్రం తాళంచెవి తలుపుకే వేలాడదీసినట్టు.

ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. ఫైర్‌వాల్ ఆపేది పిలవకుండా వచ్చేవాళ్లని. మనమే లింకు నొక్కి లోపలికి పిలిచినవాళ్లనీ, ఫోన్లో తియ్యగా మాట్లాడి ఓటీపీ అడిగేవాళ్లనీ అది ఆపలేదు. ఆ కాపలా మనమే కాయాలి. అలాంటి మోసంలో డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలని పెద్దవాళ్లకి చెప్పి ఉంచడమూ అవసరమే.

వరస తప్పొద్దు!

* మోడెమ్, ఫైర్‌వాల్, వైఫై పెట్టె... అన్నిటికీ కరెంటు తీసేయండి. మోడెమ్‌లో బ్యాటరీ ఉంటే అదీ తీయండి. ఓ నిమిషం ఆగండి.

* మోడెమ్ నుంచి వచ్చే వైరు ఫైర్‌వాల్ వాన్ పోర్టులో ఉందో లేదో చూసుకోండి. మోడెమ్‌కి ఇంకేదీ తగిలించి ఉండకూడదు.

* ముందు మోడెమ్ ఒక్కటే ఆన్ చేయండి. ఆన్‌లైన్ లైటు నిలకడగా వెలిగేదాకా మిగతావాటి జోలికి వెళ్లొద్దు.

* తర్వాత ఫైర్‌వాల్. అది పూర్తిగా మొదలవడానికి రెండు మూడు నిమిషాలు ఇవ్వండి. వాన్ ఐపీ నంబరు ఏం వచ్చిందో చూడండి.

* ఆనక వైఫై పెట్టె, చివరగా కంప్యూటర్లూ ఫోన్లూ.

* పరీక్ష కోసం మోడెమ్‌కి నేరుగా లాప్‌టాప్ పెట్టాల్సి వస్తే దానిలోని సొంత ఫైర్‌వాల్ ఆన్‌లో ఉందని చూసుకుని, అయిదు నిమిషాల్లో ముగించండి. తీసేశాక మళ్లీ మొదటి మెట్టు నుంచి రండి.

* ఒకేసారి రెండు మార్పులు చేయొద్దు. ఏది మార్చారో రాసుకోండి.

ఇంతా చదివాక మీ ఇంట్లోనూ అటక మీద ఓ ఫైర్‌వాల్ ఉందని గుర్తొచ్చిందా? దించి చూడండి. దాన్ని తయారుచేసిన కంపెనీ ఇంకా అప్‌డేట్లు ఇస్తోందో లేదో ముందు కనుక్కోండి. ఇవ్వడం మానేసి ఉంటే దానికి విశ్రాంతే మేలు, కొత్తది చూసుకోండి. ఇస్తుంటే మాత్రం దుమ్ము దులిపి, పై వరసలో ఒక్కసారి పెట్టి చూడండి. ఏమో... ఇన్నాళ్లూ అది ఎదురుచూసింది మోడెమ్‌ని ఓ నిమిషం ఆపి పెట్టే మనిషి కోసమేనేమో!